స్కాటర్ ప్లాట్, సహసంబంధం: శంషాబాద్ విమానాశ్రయ పరిశీలనల ఆధారంగా

ఒకే చోట, ఒకే సమయంలో కొలిచిన రెండు రాశుల మధ్య పొత్తు ఉందా, ఉంటే అది ఎటువంటిది, ఎంత గట్టిది అనే ప్రశ్నకు సాంఖ్యక శాస్త్రం ముఖ్యంగా రెండు సాధనాలతో జవాబు వెతుకుతుంది. మొదటిది స్కాటర్ ప్లాట్: ఒక రాశిని అడ్డ అక్షం మీద, రెండోదాన్ని నిలువు అక్షం మీద తీసుకుని, ఒక్కో పరిశీలనకు ఒక్కో చుక్క పెట్టి గీసే పటం. రెండోది సహసంబంధ గుణకం: ఆ చుక్కలు ఒక సరళరేఖ వెంట ఎంత దగ్గరగా ఒదిగాయో -1 నుంచి +1 వరకు ఉండే ఒకే సంఖ్యలో చెప్పే కొలత. పరిశీలన మారినప్పుడల్లా విలువ మారే రాశిని చలరాశి అంటారు కాబట్టి, ఈ రెండు సాధనాలూ రెండు చలరాశుల ఉమ్మడి నడకను పట్టుకోవడానికి ఏర్పడ్డవే. పాఠ్యపుస్తకాల్లో ఇవి పక్కపక్కనే కనిపించినా వీటి స్థాయి సమానం కాదు. గుణకం లేకుండా పటం ఒక్కటే ఎంతో చెప్పగలదు. పటం చూడకుండా, ఆ చుక్కలు ఎలా పుట్టాయో తెలుసుకోకుండా లెక్కగట్టిన గుణకం మాత్రం తరచు దారి తప్పిస్తుంది. ఈ తేడాను స్పష్టంగా చూపించే దత్తాంశం హైదరాబాదు శివార్లలోనే, శంషాబాద్ విమానాశ్రయంలో, ప్రతి అరగంటకూ తయారవుతోంది.

మెటార్ నివేదికలు

రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చి 14న ప్రారంభోత్సవం జరుపుకుని, అదే నెల 23 నుంచి ప్రయాణికుల విమానాలకు తెరుచుకుంది. అప్పటివరకు ఆ పని చేసిన బేగంపేట విమానాశ్రయంలో వాణిజ్య సర్వీసులు ఆగిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున, దక్కను పీఠభూమి మీద, తూర్పు పడమరలుగా సాగే రన్‌వేలతో ఉంది. ప్రపంచంలోని పెద్ద విమానాశ్రయాలన్నిటిలాగే ఇక్కడా వాతావరణ సిబ్బంది మెటార్ అనే నివేదికను ఒక అంతర్జాతీయ సంకేత పద్ధతిలో విడుదల చేస్తారు. అందులో గాలి వీచే దిశ, వేగం, చూపు ఆనే దూరం అంటే దృశ్యమానత, మేఘాల ఎత్తు, ఉష్ణోగ్రత, తుషార స్థానం, వాయుపీడనం వరుసగా ఉంటాయి. తుషార స్థానం అంటే గాలిని క్రమంగా చల్లబరుస్తూ పోతే అందులోని ఆవిరి నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. ఇది ఎంత ఎక్కువైతే గాలిలో తేమ అంత ఎక్కువ ఉన్నట్టు. అరగంటకు ఒక నివేదిక చొప్పున రోజుకు 48, సంవత్సరానికి 17,520 నివేదికలు పోగవుతాయి. ప్రతి నివేదికలోని ఏ రెండు అంశాలను జతగా తీసుకున్నా ఒక స్కాటర్ ప్లాట్‌కు ముడిసరుకు సిద్ధంగా ఉన్నట్టే.

అయితే ఆ ముడిసరుకును యథాతథంగా పటం మీద పెట్టగానే కనిపించేది వాతావరణం ఒక్కటే కాదు, నమోదు చేసే పద్ధతి కూడా కనిపిస్తుంది. మెటార్‌లో ఉష్ణోగ్రతనూ తుషార స్థానాన్నీ పూర్ణాంక డిగ్రీలకు సవరించి రాస్తారు. అందువల్ల ఈ రెండింటినీ అక్షాలుగా తీసుకుంటే వేల చుక్కలు గళ్ల కాగితం మీది కూడళ్లలో మాత్రమే పడతాయి. ఒక చుక్క కింద ఒక్క పరిశీలన ఉందో, నాలుగు వందలున్నాయో కంటికి తెలియదు. ఈ ఇబ్బందిని తప్పించడానికి చుక్కలను పారదర్శకంగా గీసి, ఎక్కువ పరిశీలనలున్న చోట రంగు చిక్కబడేలా చేస్తారు, లేదా ప్రతి చుక్కనూ యాదృచ్ఛికంగా అణుమాత్రం పక్కకు జరుపుతారు. దృశ్యమానత విషయంలో చిక్కు ఇంకా పెద్దది. ఎనిమిది వందల మీటర్ల లోపు 50 మీటర్ల మెట్లుగా, అక్కడి నుంచి 5 కిలోమీటర్ల వరకు 100 మీటర్ల మెట్లుగా, ఆపైన కిలోమీటరు మెట్లుగా రాసి, 10 కిలోమీటర్లు గానీ అంతకు మించి గానీ ఉంటే 9999 అనే ఒకే సంకేతం వేస్తారు. చూపు 12 కిలోమీటర్లు ఆనినా 40 కిలోమీటర్లు ఆనినా నమోదులో తేడా ఉండదు కాబట్టి పటం పైభాగంలో చుక్కలన్నీ ఒక కప్పుకు అతుక్కున్నట్టు అడ్డగీతగా పేరుకుంటాయి. అది ప్రకృతి గీసిన గీత కాదన్న సంగతి మెటార్ నియమాలు తెలిసినవారికే బోధపడుతుంది. కనుకనే దత్తాంశాన్ని వాడేవారు మొదట అది పుట్టిన చోటును, పుట్టిన తీరును అడిగి తెలుసుకోవాలి.

పటం నుంచి సంఖ్యకు

రెండు చలరాశులను అక్షాలుగా తీసుకుని చుక్కలు పెట్టి, వాటి మధ్య సాఫీ వక్రరేఖ గీసి సంబంధాన్ని రాబట్టే పద్ధతిని తొలిసారి వాడినవాడిగా చరిత్రకారులు ఎక్కువగా చెప్పే పేరు బ్రిటిష్ ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్‌ది; జంట నక్షత్రాల కక్ష్యల మీద 1833లో అచ్చయిన వ్యాసంలో ఆయన ఆ పని చేశాడు. విలియం ప్లేఫెయిర్ 1786 నాటికే గీతల పటాలను ప్రచారంలోకి తెచ్చినా, వాటిలో అడ్డ అక్షం దాదాపు ఎప్పుడూ కాలమే. కాలానికి బదులు మరో కొలతను అక్కడ నిలబెట్టడంలోనే కొత్త ఆలోచన ఉంది. ఆ ఆలోచనను మానవ శాస్త్రంలోకి తెచ్చినవాడు ఫ్రాన్సిస్ గాల్టన్. 205 జంటల తల్లిదండ్రుల సగటు ఎత్తును వారి 928 మంది ఎదిగిన పిల్లల ఎత్తుతో పోల్చి 1886లో ప్రకటించిన పట్టికలో, సమాన సంఖ్యలున్న గళ్లను కలిపితే దీర్ఘవృత్తాలు ఏర్పడడాన్ని ఆయన గమనించాడు. చాలా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటున పొడవే అయినా తల్లిదండ్రులంత పొడవు కాకపోవడాన్ని, పొట్టివారి విషయంలోనూ అదే విధంగా సగటు వైపు జరగడాన్ని ఆయన ప్రతిగమనం అన్నాడు. రెండు సంవత్సరాల తర్వాత సహసంబంధం అనే భావనకు పేరూ కొలతా ఇచ్చాడు. 1896లో కార్ల్ పియర్సన్ దాన్ని నేటికీ వాడుకలో ఉన్న సూత్రంగా స్థిరపరిచాడు.

పియర్సన్ గుణకాన్ని ఆర్ అనే అక్షరంతో సూచించడం ఆనవాయితీ. దాన్ని రాబట్టే విధానం మాటల్లో ఇది: ఒక్కో పరిశీలనకు మొదటి చలరాశి తన సగటు నుంచి ఎంత తేడాగా ఉందో, రెండోది తన సగటు నుంచి ఎంత తేడాగా ఉందో చూసి ఆ రెండు తేడాలను గుణించాలి; అన్ని లబ్ధాలనూ కూడాలి; ఆ మొత్తాన్ని, మొదటి చలరాశి తేడాల వర్గాల మొత్తాన్ని రెండోదాని తేడాల వర్గాల మొత్తంతో గుణించి తీసిన వర్గమూలంతో భాగించాలి. రెండూ కలిసి సగటుకు పైన ఉన్నా, కలిసి కింద ఉన్నా లబ్ధం ధనాత్మకమవుతుంది. ఒకటి పైనా ఒకటి కిందా ఉంటే రుణాత్మకమవుతుంది. పటం మీద రెండు సగటుల దగ్గర ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత గీసి నాలుగు గదులుగా విభజిస్తే, చుక్కల బరువు ఏ గదుల్లో ఉందో చూసినంత మాత్రాన గుణకం గుర్తు తెలిసిపోతుంది.

లెక్క అర్థం కావడానికి మాత్రమే కల్పించుకున్న ఐదు ఉదయాలను చూడవచ్చు. ఉష్ణోగ్రతకూ తుషార స్థానానికీ మధ్య అంతరం వరుసగా 1, 2, 3, 4, 5 డిగ్రీలు. దృశ్యమానత వరుసగా 1, 2, 4, 4, 4 కిలోమీటర్లు అనుకుంటే, రెండింటి సగటూ 3. సగటు నుంచి తేడాలు మొదటిదానికి -2, -1, 0, 1, 2. రెండోదానికి -2, -1, 1, 1, 1. లబ్ధాల మొత్తం 8. తేడాల వర్గాల మొత్తాలు 10, 8. కాబట్టి గుణకం 8ని 80 వర్గమూలంతో భాగించగా వచ్చే 0.89. దాని వర్గం సరిగ్గా 0.8, అంటే దృశ్యమానతలోని హెచ్చుతగ్గుల్లో, వర్గాల మొత్తంగా కొలిస్తే, 80 శాతం ఆ అంతరం మీద గీసిన సరళరేఖలో ఇమిడిపోతుంది. కనిష్ఠ వర్గాల పద్ధతిలో గీసిన ఆ ప్రతిగమన రేఖ వాలు 0.8, అంటే అంతరం ఒక డిగ్రీ పెరిగితే రేఖ మీద దృశ్యమానత 800 మీటర్లు పెరుగుతుంది. దూరాన్ని కిలోమీటర్లలో కాక మీటర్లలో రాస్తే వాలు 800 అవుతుంది గాని, గుణకం మాత్రం 0.89 గానే ఉంటుంది. కొలమానం మారినా చెక్కుచెదరకపోవడమే గుణకం సౌలభ్యం. వాలు ఎంతో చెప్పలేకపోవడం దాని పరిమితి. నిటారుగా లేచే రేఖకూ, దాదాపు నేల మీద పాకే రేఖకూ, చుక్కలు గీతకు అంతే దగ్గరగా ఒదిగినప్పుడు, ఒకే గుణకం రావచ్చు.

ఇప్పుడు ఆరో ఉదయాన్ని చేర్చాలి: అంతరం 1 డిగ్రీ, దృశ్యమానత 10 కిలోమీటర్లు. వర్షం వెలిసి గాలి ఆడుతున్న శ్రావణ మాసపు తెల్లవారుజామున ఇటువంటి నమోదు ఏమాత్రం వింత కాదు. ఆ ఒక్క చుక్కతో గుణకం 0.89 నుంచి -0.14కు పడిపోతుంది, గుర్తు కూడా తిరగబడుతుంది. విలువలకు బదులు వాటి వరుస స్థానాలను వాడి, ఛార్లెస్ స్పియర్‌మన్ 1904లో ప్రతిపాదించిన ర్యాంకు సహసంబంధాన్ని లెక్కిస్తే అదే ఆరు ఉదయాలకు 0.18 వస్తుంది. స్థానాలు మాత్రమే చూసే కొలత దూరపు చుక్కకు అంతగా లొంగదన్నమాట. అయినా అసలు ప్రశ్నకు ఇది జవాబు కాదు. ఆ ఆరో చుక్క తప్పుడు నమోదు కాదు, తీసివేయదగ్గదీ కాదు. అది మరో రకమైన ఉదయానికి ప్రతినిధి. ఏ సంఖ్యా ఈ సంగతి చెప్పలేదు, పటం చెబుతుంది.

పొగమంచు పటం

డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని ఉదయాలు శంషాబాద్ పరిసరాలను పొగమంచు కమ్మేసి, విమానాలు ఆలస్యం కావడం, కొన్నింటిని ఇతర విమానాశ్రయాలకు మళ్లించడం జరుగుతుంటుంది. దృశ్యమానత 1,000 మీటర్ల లోపు పడితేనే వైమానిక పరిభాషలో దాన్ని పొగమంచు అంటారు. అంతకు పైన 5 కిలోమీటర్ల వరకు ఉంటే పలుచని మంచుతెర. ఈ మంచు పుట్టే క్రమం బాగా తెలిసినదే. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి దానితో పాటు చల్లబడి తుషార స్థానానికి చేరుకుంటుంది. గాలి కదలిక దాదాపు లేనప్పుడు ఆ చల్లని పొర చెదరకుండా నిలిచి, అందులోని ఆవిరి సన్నని బిందువులుగా మారి చూపును ఆపేస్తుంది. సూర్యుడు పైకి వచ్చి నేల వేడెక్కగానే అంతరం పెరిగి మంచు విచ్చిపోతుంది.

అంతరాన్ని అడ్డ అక్షం మీద, దృశ్యమానతను నిలువు అక్షం మీద పెట్టి ఏడాది పొడవునా చుక్కలు గీస్తే ఏర్పడవలసిన ఆకారం సరళరేఖ కాదు. ఎడమ అంచున, అంతరం రెండు మూడు డిగ్రీల లోపు ఉన్న చోట, చుక్కలు అట్టడుగు నుంచి కప్పు దాకా నిలువుగా పరుచుకుంటాయి; కుడివైపు పోయేకొద్దీ అడుగుభాగం ఖాళీ అవుతూ చుక్కలు పైకి సర్దుకుంటాయి. మొత్తం మీద అది ఒక త్రిభుజం. దాని అర్థం చక్కగా చదవవచ్చు: పొగమంచు పట్టాలంటే అంతరం తక్కువ కావడం తప్పనిసరి, కాని అంతరం తక్కువైనంత మాత్రాన పొగమంచు పట్టి తీరదు. వానాకాలపు రాత్రుల్లో గాలి ఆవిరితో నిండి అంతరం ఒకటి రెండు డిగ్రీలకు దిగినా, మేఘాలు నేల వేడిని ఆపడం వల్లా, నైరుతి రుతుపవనాల పడమటి గాలి పొరలను కలిపేయడం వల్లా మంచు నిలవదు. కుడివైపున కూడా, పొడిగాలిలో ధూళి, పొగ కలిసిన మసక వల్ల నాలుగైదు కిలోమీటర్లకు తగ్గిన చుక్కలు కొన్ని కనిపించవచ్చు. వాటి పుట్టుక వేరు.

అవసరమైనదీ చాలనిదీ అయిన కారణం స్కాటర్ ప్లాట్‌లో ఇలా త్రిభుజంగా కనిపించడం చాలా విలువైన సమాచారం, సహసంబంధ గుణకం పూర్తిగా జారవిడిచే సమాచారం కూడా ఇదే. ఈ త్రిభుజానికి గుణకం లెక్కిస్తే బలహీనమైన సంబంధం ఉందన్నట్టు ఒక చిన్న సంఖ్య వస్తుంది. దాన్ని మాత్రమే చూసినవారు అంతరాన్ని పట్టించుకోనవసరం లేదనుకునే ప్రమాదం ఉంది. నిజానికి విమానాశ్రయ వాతావరణ నిపుణులు శీతకాలపు రాత్రుల్లో కన్ను వేసి ఉంచే అంశాల్లో అది ముందు వరుసలోనిది. మూడో చలరాశిని పటంలోకి తేవడమే ఇక్కడ సరైన మార్గం: గాలి వేగాన్ని బట్టి చుక్కలకు రంగు వేస్తే, ఎడమ అంచున అడుగుకు దిగిన చుక్కలు ప్రధానంగా నిశ్చలపు గాలి రంగులో, కప్పు దగ్గరివి ఎక్కువగా గాలి ఆడిన వేళల రంగులో విడివడి కనిపిస్తాయి. ఆకాశపు మబ్బును బట్టి మరో పటం గీస్తే ఆ విభజన ఇంకా తేటపడుతుంది.

సున్నా వచ్చినా సంబంధం లేదనడానికి లేదు

గుణకం సున్నాకు దగ్గరగా ఉంటే రెండు చలరాశుల మధ్య ఏ సంబంధమూ లేదనుకోవడం చాలా వ్యాప్తిలో ఉన్న పొరపాటు. సున్నా చెప్పేది సరళరేఖ సంబంధం లేదని మాత్రమే. ఉష్ణమండల ప్రాంతాల వాయుపీడనం ఇందుకు చక్కని సాక్ష్యం. వాతావరణంలో రోజుకు రెండుసార్లు వచ్చే పోటు వల్ల స్థానిక కాలమానం ప్రకారం ఉదయం, రాత్రి 10 గంటల ప్రాంతంలో పీడనం గరిష్ఠానికి, తెల్లవారుజామున, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో కనిష్ఠానికి చేరుతుంది. ఉష్ణోగ్రతది రోజుకు ఒకే చుట్టు: సూర్యోదయానికి ముందు కనిష్ఠం, మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో గరిష్ఠం. తుపానులు, మేఘావరణం లేని ఒక రోజున ఈ రెండింటినీ జతచేసి చుక్కలు పెడితే, చల్లని వేళ పీడనం తక్కువ, నడిమి ఉష్ణోగ్రతలో ఎక్కువ, వేడి వేళ మళ్లీ తక్కువ కావడం వల్ల పటం మీద కమాను వంటి వంపు ఏర్పడుతుంది. ఎక్కే పక్క ధనాత్మక లబ్ధాలనూ, దిగే పక్క రుణాత్మక లబ్ధాలనూ ఇవ్వడంతో రెండూ చాలావరకు కొట్టుకుపోయి గుణకం సున్నా వైపు లాగబడుతుంది. ఇంత క్రమబద్ధమైన నడకకు ఇంత చిన్న గుణకం రావడం లెక్క తప్పు కాదు; వంపును రేఖతో కొలవబోవడమే తప్పు.

గాలి దిశ మరో రకంగా మోసగిస్తుంది. మెటార్‌లో దిశను ఉత్తరం నుంచి పది డిగ్రీల మెట్లలో రాస్తారు. 350 డిగ్రీల గాలీ 10 డిగ్రీల గాలీ ఉత్తరానికి అటూఇటూ వీచే దాదాపు ఒకే గాలి. కాని స్కాటర్ ప్లాట్ అడ్డ అక్షం మీద అవి రెండు చివర్లలో పడతాయి. చుట్టు తిరిగి మొదటికి వచ్చే ఇటువంటి వర్తుల చలరాశులకు మామూలు గుణకం అర్థరహితం. అందుకే విమానాశ్రయ నిపుణులు గాలిని రన్‌వే వెంట ఒక భాగంగా, రన్‌వేకు అడ్డంగా మరో భాగంగా విడదీస్తారు. 90, 270 డిగ్రీల దిశల్లో సాగే శంషాబాద్ రన్‌వేలకు అది తూర్పు పడమరల భాగం, ఉత్తర దక్షిణాల భాగం అవుతుంది. అలా విడదీసిన తర్వాత స్కాటర్ ప్లాట్ గీస్తే వానాకాలపు పడమటి గాలుల గుంపు, చలికాలపు తూర్పు గాలుల గుంపు చెరో పక్క స్పష్టంగా విడిపోతాయి.

దీనికి పూర్తిగా ఎదురు కొసలో, చుక్కలు దాదాపు గీత మీదే పడే సంబంధాలూ విమానాశ్రయంలో ఉన్నాయి. పీడనం మారనప్పుడు 15 డిగ్రీల గాలి కంటే 40 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 8 శాతం తక్కువ. శంషాబాద్ ఎత్తు 2,024 అడుగులే అయినా, 40 డిగ్రీల మే మధ్యాహ్నం అక్కడి గాలి ప్రామాణిక వాతావరణంలో దాదాపు 5,500 అడుగుల ఎత్తున ఉండే గాలి అంత పలుచన. పలుచని గాలిలో రెక్కలకు ఎత్తుడు బలం, ఇంజనుకు తోపుడు బలం తగ్గి, విమానం పైకి లేవడానికి ఎక్కువ పరుగు కావలసివస్తుంది. ప్రధాన రన్‌వే 4,260 మీటర్ల పొడవు ఉండడం వల్ల కలిగే ఉపయోగాల్లో ఇదొకటి. ఇటువంటి భౌతిక నియమాల విషయంలో గుణకం పరిమాణం 1కి ఆనుకుని ఉన్నా అదనంగా తెలిసేది తక్కువ, ఎందుకంటే సంబంధం ముందే నిశ్చయమై ఉంది.

ఒకే సంఖ్య వెనుక ఎన్ని ఆకారాలు దాగగలవో 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ నాలుగు చిన్న దత్తాంశాలతో చూపించాడు. ఒక్కోదానిలో 11 చుక్కలు. నాలుగింటికీ సగటులు, ప్రతిగమన రేఖ, 0.82 గుణకం ఒకటే. పటం గీస్తే మాత్రం ఒకటి మామూలు చెదురు గుంపు, ఒకటి వంపు, ఒకటి దూరపు చుక్క వల్ల పక్కకు వాలిన గీత, మరొకటి ఒకే ఒక్క చుక్క మీద నిలబడ్డ గీత. కంప్యూటర్లు సంఖ్యలను ధారాళంగా ఇవ్వడం మొదలుపెట్టిన ఆ రోజుల్లో పటాలు అనవసరమనే ధోరణికి ఇది తగిన జవాబైంది.

రుతువుల కలగలుపు

హైదరాబాదు వాతావరణంలో మూడు కాలాలు మూడు వేరు వేరు గుంపులను ఏర్పరుస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత హెచ్చు, గాలి పొడి. జూలై, ఆగస్టుల్లో ఉష్ణోగ్రత ఒక మోస్తరు, తేమ హెచ్చు. డిసెంబరు, జనవరిల్లో రెండూ తక్కువ. ఏడాది మొత్తాన్ని ఒకే పటంలో కలిపి, మధ్యాహ్నపు ఉష్ణోగ్రతకూ తుషార స్థానానికీ సహసంబంధం లెక్కిస్తే వచ్చే సంఖ్య ఈ మూడు గుంపుల పరస్పర స్థానాన్ని చెబుతుందే తప్ప, ఏ ఒక్క కాలంలోనూ రోజు నుంచి రోజుకు అవి ఎలా కలిసి కదులుతాయో చెప్పదు. వేసవిని మినహాయిస్తే ఒక దిశ, చలికాలాన్ని మినహాయిస్తే మరో దిశ కనిపించడంలో ఆశ్చర్యం లేదు. విడివిడి గుంపుల్లో కనిపించిన పోకడ అన్నీ కలిపినప్పుడు తలకిందులు కావడాన్ని సాంఖ్యకులు సింప్సన్ విరోధాభాస అంటారు. సగటులను వాడినప్పుడు ఇంకో ప్రమాదం ఉంది: అరగంట నివేదికల చెదురు నెల సగటుల్లో మాయమవడం వల్ల, నెలసరి విలువల మధ్య గుణకం చాలా సందర్భాల్లో అసలుకంటే పెద్దదిగా కనిపిస్తుంది.

కాలం దాచే కారణాలు

విమానాశ్రయం మొదటి దశను ఏటా 1.2 కోట్ల మంది ప్రయాణికుల కోసం నిర్మించారు. 2018-19 నాటికి రద్దీ 2 కోట్లు దాటింది. 2023-24లో అది దాదాపు 2.5 కోట్లు. అదే కాలంలో శంషాబాద్, రాజేంద్రనగర్ పరిసరాల్లో భూముల ధరలు, అవుటర్ రింగ్ రోడ్డు వెంట భవనాలు, నగరంలో వాహనాలు, చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు అన్నీ పెరిగాయి. పెరుగుతూ పోయే ఏ రెండు వార్షిక శ్రేణులను జతచేసినా గుణకం 0.9కి పైన రావడం మామూలే. అది వాటి మధ్య బంధానికి రుజువు కాదు. బ్రిటిష్ సాంఖ్యకుడు ఉడ్నీ యూల్ 1926లోనే కాలశ్రేణుల మధ్య పుట్టే ఇటువంటి అర్థంలేని సహసంబంధాల మీద విపులంగా రాశాడు. విమానాశ్రయం వల్ల భూముల ధరలు పెరిగాయా అనే ప్రశ్న నిజమైనదే, ముఖ్యమైనదే. కాని ఐటీ రంగ విస్తరణ, రోడ్లు, హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలో 84 గ్రామాల్లో నిర్మాణాలను నియంత్రించిన 1996 నాటి 111 జీవో వంటివి ఆ ధరల మీద తమ ప్రభావం తాము చూపాయి. వీటిలో ఏ పాలు దేనిదో చెప్పడానికి వార్షిక మొత్తాల స్కాటర్ ప్లాట్ చాలదు. ఏడాది నుంచి ఏడాదికి వచ్చిన మార్పులను జతచేసి చూడడం, విమానాశ్రయానికి దగ్గరి గ్రామాలనూ దూరపు గ్రామాలనూ 2008కి ముందూ తర్వాతా పోల్చడం వంటివి కొంత మెరుగైన మార్గాలు.

కొవిడ్ కాలం ఇక్కడ ఒక పాఠం. 2020 మార్చి 25 నుంచి మే 25 వరకు దేశీయ సర్వీసులు నిలిచిపోవడంతో 2020-21లో శంషాబాద్ ప్రయాణికుల సంఖ్య సుమారు 80 లక్షలకు పడిపోయింది. కాలం మీద గీసిన గీతలో అది లోతైన గొయ్యి. ప్రయాణికుల సంఖ్యను విమానాల రాకపోకల సంఖ్యతో జతచేసిన స్కాటర్ ప్లాట్‌లో మాత్రం, రెండూ కలిసి పడిపోయినందువల్ల ఆ చుక్క గుంపు పోకడకు ఎంతో దూరం పోదు, దిగువ కొసన నిలబడుతుంది. ఒక పటంలో అసాధారణమైనది మరో పటంలో సాధారణం కావచ్చు. ఏ చుక్క అసాధారణమో నిర్ణయించేది ఎంచుకున్న అక్షాలే.

యాదృచ్ఛికతను దాటడం

కొద్ది చుక్కలతో పెద్ద గుణకం కేవలం యాదృచ్ఛికంగా కూడా వస్తుంది. సంబంధమే లేని రెండు చలరాశుల నుంచి యాదృచ్ఛికంగా ఐదేసి జతలు తీస్తే, నూటికి ఐదుసార్లు గుణకం పరిమాణం 0.88 దగ్గరికో ఆపైకో పోతుంది. 30 జతలైతే ఆ హద్దు 0.36, 100 జతలైతే 0.20. పైన చూపిన ఐదు ఉదయాల 0.89 ఆ గడపను కేవలం తాకి దాటింది. ఈ హద్దులన్నీ ప్రతి జతా మిగతావాటితో సంబంధం లేనిదనే షరతు మీద నిలిచినవి. మెటార్ విషయంలో ఆ షరతు చెల్లదు: 6 గంటల పొగమంచు ఆరున్నరకూ ఉండడం సహజం కనుక, ఒక్క ఉదయపు ఆరు నివేదికలు ఆరు స్వతంత్ర సాక్ష్యాలు కావు, దాదాపు ఒక సాక్ష్యమే. ఏడాదిలో 17,520 చుక్కలున్నాయన్న ధీమాతో అతి చిన్న గుణకాన్ని కూడా నిర్ధారణగా ప్రకటించడం ఈ కారణంగా చెల్లదు.

సాంఖ్యక శాస్త్రంతో తెలుగునేలకు దగ్గరి బంధమే ఉంది. హడగళిలో 1920లో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో సాంఖ్యక శాస్త్రం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు, అనేక చలరాశులను ఒకేసారి విశ్లేషించే పద్ధతులకు పునాది వేసినవారిలో ముఖ్యుడు. ఆయన పేరిట గణిత, సాంఖ్యక, కంప్యూటర్ శాస్త్రాల ఉన్నత సంస్థ గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతిని అందుకున్న ఆయన అదే సంవత్సరం ఆగస్టులో మరణించారు.

సహసంబంధాన్ని భారతదేశంలో అందరికంటే విస్తృతంగా వాడినవాడు గిల్బర్ట్ వాకర్. 1899 నాటి ఘోరమైన కరువు తర్వాత, 1904లో భారత వాతావరణ శాఖ పగ్గాలు చేపట్టిన ఈ గణితవేత్త, రుతుపవనాల వర్షపాతాన్ని ముందుగా చెప్పగల చలరాశి కోసం ప్రపంచం నలుమూలల పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతాల మధ్య వందల గుణకాలను మనుషుల చేత లెక్కింపజేశాడు. హిమాలయాల మంచుకూ రుతుపవనాలకూ సంబంధం ఉందని హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ 1884లో సూచించిన దారినే ఆయన విశాలం చేశాడు. పసిఫిక్, హిందూ మహాసముద్రాల పీడనాలు త్రాసు తట్టల్లా ఒకటి లేస్తే ఒకటి దిగడాన్ని గుర్తించి, 1924 నాటికి దానికి దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. అది నేడు ఎల్ నినోతో ముడిపడిన పరిణామంగా ప్రసిద్ధం. అన్నిటికంటే మెచ్చదగ్గది 1914లో ఆయన చేసిన హెచ్చరిక: వందల గుణకాలను లెక్కించి అందులో పెద్దదాన్ని ఏరుకుంటే, అది యాదృచ్ఛికంగానే పెద్దదై ఉండే అవకాశాన్ని లెక్కలోకి తీసుకోవాలి, ఎన్ని గుణకాల్లోంచి ఏరామో దాన్ని బట్టి గడపను పెంచాలి. వాతావరణ శాఖ 1988లో వసంత్ గోవారికర్ బృందం రూపొందించిన 16 చలరాశుల ప్రతిగమన నమూనాను వాడడం మొదలుపెట్టింది. తెలుగునేలతో సహా దేశంలో చాలాచోట్ల వానలు ముఖం చాటేసిన 2002లో అది సాధారణ వర్షపాతాన్ని సూచించి విఫలమైంది. అప్పటికి ఆ పదహారింటిలో కొన్నింటికి వర్షపాతంతో ఉన్న సహసంబంధం క్రమంగా సన్నగిల్లిపోయింది. 2003లో శాఖ వాటిని పక్కన పెట్టి కొత్త నమూనాలకు మారింది.